గుఱ్ఱపు తంగుపుండు: నివారణము, చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భారతమునుండి యేదేని ఒక ఘట్టము చెప్పుదునని వారు తలచియుందురు. నేను గుఱ్ఱపు పుండునుగూర్చి మాటలాడెదననగా కొందరు నవ్విరి. నవ్వుటకు కారణము లేకపోలేదు. ఆటోలు వచ్చిన పిమ్మట కర్నూలు బజారులలో జట్కాలు తగ్గిపోయినవి. మన కల్లూరు చుట్టుప్రక్కల నేడు గుఱ్ఱము కనబడిన అది పెండ్లి ఊరేగింపులోనే. అయినను ఉన్న ఆ కొలది గుఱ్ఱములును నోరులేని జీవములే. జరీబట్టల క్రింద వాని రొమ్ము ఎట్లున్నదో వంగి చూచువారు లేరు. అందుచేతనే ఈ విషయము నెన్నుకొంటిని. భారత ఘట్టముకూడ ఒకటి చివర చెప్పెదను గాన కార్యదర్శిగారు నిరాశ చెందనక్కరలేదు.

మన సీమకు గుఱ్ఱము క్రొత్తది కాదు. విజయనగర ప్రభువులు అరేబియా గుఱ్ఱములను హొర్ముజు మొదలగు రేవులనుండి ఓడలమీద తెప్పించుకొనిరి. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొన్న పిమ్మట ఆ వర్తకము చాలవరకు వారి చేతికి పోయెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరింపవలెనని వ్రాసెను. గుఱ్ఱమున కంత విలువ యుండెను. కాని 13వ శతాబ్ది చివర దక్షిణదేశమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో పాండ్యదేశమును వర్ణించుచు వ్రాసిన దొకటి మనకు కష్టము తోచునట్టిది. ఇచ్చటివారు ఏటేట వేలకొలది గుఱ్ఱములను గొప్ప వెలలకు కొందురనియు, వానిని సాకుట తెలియక, వైద్యము చేయువారు లేక, అవి యేడాది తిరుగునప్పటికి చాలవరకు నశించుననియు ఆయన వ్రాసెను. పరదేశి కొంత హెచ్చించి వ్రాసియుండవచ్చును. కాని లెక్కలు వ్రాయువాడనగు నాకు అందులో ఒక నిజము కనబడుచున్నది. కొనుబడి పద్దులో ధారాళము, పోషణ పద్దులో లోభము. ఈ గుణము నేటికిని మనలను విడువలేదు.

ఇక విషయమునకు వచ్చెదను. జీను జారిపోకుండ గుఱ్ఱపు రొమ్ముక్రిందుగా త్రిప్పి బిగించు పట్టీని జట్కావారు ఉర్దూ మాటతో తంగు అందురు. ఆ పట్టీ ఒరసికొని ముందుకాలి మోచేతి వెనుక పడు పుండే తంగుపుండు. కాడి ఒరసి ఎద్దు మెడమీద పడు పుండునకు ఇది తోబుట్టువు. కాబట్టి ఎద్దులు గల రైతులుకూడ ఈ మాటలను తమవిగానే వినవచ్చును.

పుండు ఆ చోటనే యేల పడును? అచ్చట చర్మము పలుచన, వదులు. గుఱ్ఱము అడుగు వేసినప్పుడెల్ల ఆ చర్మము ముందువెనుకలకు కదలును. పట్టీ మాత్రము కదలదు. ఈ రెంటి నడుమ చెమట చేరును, చెమట ఆరి ఉప్పగును, ఆ ఉప్పులో మన నల్లరేగడి దుమ్ము కలియును. అప్పుడు మెత్తని పట్టీ సైతము ఆకురాయి యగును. ఒరపిడి, ఒత్తిడి, తడి, మురికి అను నీ నాలుగును కూడిన చోట పుండు పుట్టును. పట్టీ మితిమీరి బిగించినచో నెత్తురు పాఱక చర్మము కమలును. మితిమీరి వదలినచో జారి ఒరయును. రెండును దోషములే.

అన్ని గుఱ్ఱములకు చర్మ మొకరీతిగా నుండదు. అరబ్బీ రక్తము కలిసిన గుఱ్ఱములకు చర్మము సన్నము, వెంట్రుక పొట్టి. అట్టివానికి త్వరగా ఒరసికొనిపోవును. బలిసి పొట్ట పెరిగినదానికి జీను నిలువక పట్టీ ముందునకు జారును. పనిలేక చాలకాలము నిలిచిన గుఱ్ఱమునకు చర్మము మెత్తబడియుండును. పెండ్లి గుఱ్ఱముల గతి చూడుడు. శూన్యమాసములలో కదలకుండ కట్టివేయబడును. ముహూర్తములు రాగానే రాత్రికొక ఊరేగింపు తప్పదు. మెత్తబడిన చర్మముమీద హఠాత్తుగా పనిభారము పడును. పుండ్లు ఎక్కువగా పుట్టునది ఆ మొదటి వారములోనే.

ఈ విషయమున మాటలాడుటకు నాకు గల అధికారము ఒక తప్పునుండి వచ్చినది. 1981వ సంవత్సరపు మాట. నాకు పదునొకండవ యేడు. మా నాయనగారికి లేత గోధుమవన్నె తట్టుగుఱ్ఱ మొకటి యుండెడిది, ఆడుది, మిక్కిలి సుకుమారమైన చర్మము గలది. ఒకనాటి ఉదయమున జీను కట్టుమని నాయనగారు నాకు చెప్పిరి. ముందునాటి చెమట ఎండి బిగిసియున్న పట్టీని దులుపనైన దులుపక బిగించితిని. గుఱ్ఱము చెవులు వెనుకకు వంచినది. మెడ త్రిప్పి నా భుజమును కఱవబోయినది. పొగరని తలచి దాని మూతిమీద ఒకటి వేసితిని. సాయంకాలము నాయనగారు తిరిగివచ్చి జీను దింపగా, మోచేతి వెనుక అరచేయంత మేర చర్మము లేచిపోయి ఎఱ్ఱగా నుండెను. పట్టీ లోపలి గుడ్డలో ఒక పల్లేరుకాయ గ్రుచ్చుకొనియుండెను.

నాయనగారు నన్ను కొట్టలేదు. "అది నీకు చెప్పినది రా, నీవు వినలేదు," అని మాత్రము అనిరి. ఆ పుండు మాని వెంట్రుక వచ్చువరకు వారు పొరుగూళ్ళకు నడిచియే పోయిరి. బడి లేని దినములలో లెక్కల మూట నా నెత్తిన పెట్టుకొని నేను వారి వెనుక నడచితిని. ఆ చోట తరువాత వచ్చిన వెంట్రుకలు తెల్లనివి. అది బ్రదికినంతకాలము ఆ తెల్లమచ్చ పోలేదు. నేటికిని గుఱ్ఱపు రొమ్ముప్రక్కన తెల్లమచ్చ కనబడిన, అది పుట్టుమచ్చయా, మనిషి పెట్టిన మచ్చయా యని చూచుట నాకు అలవాటు.

కావున నివారణములో మొదటిది గుఱ్ఱము చెప్పునది వినుట. పట్టీ తెచ్చినంతనే చెవులు వెనుకకు వంచుట, తోక కొట్టుట, ప్రక్కకు తొలగుట, కఱవవచ్చుట మొదలగునవి ఊరక కలుగు పొగరు కావు. అట్టి వేళ చేయి పెట్టి తడవి చూడవలెను. వేడి, వాపు, చెదరిన లేక తెగిన వెంట్రుక, తాకిన ఉలికిపాటు కనబడిన ఆనాడు జీను కట్టరాదు. పుండు పడక పూర్వమే ఒక దినము ఆపినచో, పడిన పిమ్మట ఒక నెల ఆపవలసిన పని యుండదు.

రెండవది శుభ్రత. జీను కట్టుటకు ముందు ఎండిన చెమటను, మట్టిని బ్రష్షుతో పూర్తిగా దులుపవలెను. పట్టీని లోపలివైపు అరచేతితో మొదటినుండి చివరవరకు తడవి చూడవలెను. కంటికి కనబడని ముల్లు చేతికి దొరకును. పని ముగిసిన పిమ్మట ఆ చోటును మంచినీటితో కడిగి ఆరనీయవలెను. గుడ్డపట్టీని సబ్బు మిగులకుండ ఉదికి ఎండవేయవలెను. తోలుపట్టీ ఐనచో తుడిచి నూనె పట్టించి మెత్తగా నుంచవలెను. ఒక గుఱ్ఱపు పట్టీని మరొకదానికి వాడరాదు. తామరవంటి చర్మరోగములు ఆ త్రోవను వ్యాపించును.

మూడవది పట్టీ స్వరూపము. సన్నని త్రాడు కోయును. వెడల్పైన పట్టీ భారమును పంచును. ఉన్నితో గూడిన గొఱ్ఱెతోలును తొడుగుగా వేసినచో సుకుమారమైన చర్మమునకు మేలు. పాత పంచెగుడ్డ చుట్టువారు మడతలును, కుట్లును చర్మమువైపు రాకుండ చూచుకొనవలెను. ముడత పడిన గుడ్డ ఉన్నదానికన్న లేకుండుటయే మేలు.

నాలుగవది కట్టు విధము. పట్టీ మోచేతికి సుమారు నాలుగు వ్రేళ్ళ వెనుక నుండవలెను. ఒకేసారి బిగింపక మెల్లమెల్లగా బిగింపవలెను. పిదప ముందుకాళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తి ముందునకు మెత్తగా లాగినచో పట్టీక్రింద చిక్కిన చర్మపు ముడత విడును. పట్టీకిని పొట్టకును నడుమ వ్రేళ్ళు పరచి దూర్చగలిగినంత సందుండవలెను. కొంతదూరము నడిపించి మరల సరిచూడవలెను. చాలకాలము నిలిచిన గుఱ్ఱమునకు మొదటి దినములలో కొద్ది కొద్దిగా పని చెప్పి చర్మమును అలవాటు చేయవలెను.

ఇంత చేసినను పుండు పడినచో ఏమి చేయవలెను? మొదటి మందు విశ్రాంతి. ఆ చోట మరల పట్టీ తగులరాదు. తక్కిన మందులన్నియు దీని తరువాతివే. చర్మము తెగక వాపు మాత్రమే యున్నచో, చన్నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను పదునైదు ఇరువది నిమిషములు, దినమునకు రెండు మూడు సార్లు అద్దవలెను. చర్మము తెగినచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అనగా సుమారు ఒకటిన్నర చిన్న చెంచా, కరగించి ఆ నీటితో మెల్లగా కడుగవలెను. పిదప పొవిడోన్ అయోడిన్ ద్రావణమును పలుచని తేనీటి రంగు వచ్చువరకు నీటిలో కలిపి వాడవచ్చును. ఈగలు వాలకుండ చూచుట మన ప్రాంతమున ముఖ్యము. పురుగులు పడినచో స్వయంవైద్యము మాని పశువైద్యుని పిలువవలెను.

చేయరానివికూడ చెప్పవలెను. కిరసనాయిలు, టర్పెంటైను, సున్నము, మైలుతుత్తము, బూడిద, పేడ మొదలగువానిని పుండునకు పూయుదురు. మంటపెట్టునవి క్రొత్తగా వచ్చు చర్మమును కాల్చును. పేడ, మట్టి అంతకన్న ప్రమాదము. ధనుర్వాతపు బీజములు మట్టిలోను, గుఱ్ఱపు లద్దెలోను ఉండును. ఆ రోగమునకు గుఱ్ఱమంత సులభముగా లోబడు పెంపుడు జంతువు మరొకటి లేదు. దేహము కొయ్యబాఱుట, దవడలు బిగియుట, కంటి మూలనుండి పొర కమ్ముట దాని లక్షణములు. వచ్చిన పిమ్మట బ్రదికించుట మిక్కిలి కష్టము. రాకుండ చేయుటకు టీకా కలదు. గుఱ్ఱము గలవారు ఆ టీకా వేయించుట మానరాదు. గాయమైనప్పుడు టీకా సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను. పుండునుండి చీము కారినను, వాపు గట్టిపడినను, చర్మము నల్లబడి అట్టకట్టినను, జ్వరము 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినను, వారములో మానుముఖము పట్టకున్నను ఆలస్యము చేయరాదు.

పొక్కు రాలినంతనే మానినదని భ్రమపడరాదు. క్రొత్త చర్మము గట్టిపడి, వెంట్రుక మొలచి, తడవినను గుఱ్ఱము ఉలికిపడక నిలిచినప్పుడే అది మానుట. అంతకు ముందే జీను కట్టుట అప్పు తీరకమునుపే దానిమీద మరల అప్పు చేయుటవంటిది. అసలు నిలిచియుండగా వడ్డీ పెరుగును.

ఇచ్చట గుఱ్ఱము గలవారు ఒక మాట అడుగుదురు. "అయ్యా, రోజుబాడుగమీద బ్రదుకువారము. గుఱ్ఱమును నెలరోజులు నిలిపిన ఇంటిల్లిపాది ఏమి తినవలెను?" ఇది కొట్టివేయవలసిన మాట కాదు. పుండున్న జంతువుచేత పని చేయించుట 1960వ సంవత్సరపు జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టము ప్రకారము నేరమే. కాని చట్టము చెప్పి ఊరకుండుట నాకిష్టము లేదు. బాడుగకు పిలుచువారము మనమే గదా! ఊరేగింపునకు ముందు పెండ్లివారిలో ఒకరు వంగి గుఱ్ఱపు రొమ్మును చూడవలెను. పుండున్నచో వరుని నడిపించియో, బండిలోనో తీసికొనిపోయి, మాట యిచ్చిన బాడుగలో కొంతయైన ఆ యజమానికి ఇచ్చి పంపవలెను. పెండ్లి ఖర్చులో అది యెంత? పుణ్యమును ఖర్చునుకూడ ఒక్కనిమీదనే మోపుట న్యాయము కాదు.

మాట యిచ్చిన భారత ఘట్టము చెప్పి ముగించెదను. విరాటుని కొలువులో గుఱ్ఱములను కాచిన నకులునకు తిక్కనగారి భారతములో పేరు దామగ్రంథి. దామమనగా త్రాడు, గ్రంథి యనగా ముడి. రాజపుత్రుడు గుఱ్ఱముల కొలువులో త్రాడును, ముడిని పేరుగా దాల్చుటకు సిగ్గుపడలేదు. అంతకన్న గొప్ప ఘట్టము ద్రోణపర్వములో కలదు. పదునాలుగవనాటి యుద్ధము. ప్రొద్దు క్రుంకులోపల సైంధవుని చంపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుని ప్రతిజ్ఞ. సూర్యుడు పడమటికి వాలుచున్నాడు. సైంధవు డింకను దూరమున నున్నాడు. గుఱ్ఱములు బాణములు నాటి, దప్పిగొని, అలసియున్నవి. అప్పుడు అర్జునుడు రథము దిగి నేలమీద నిలిచి శత్రువుల నాపుచుండ, శ్రీకృష్ణుడు రణరంగము నడుమ గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములను తన చేతులతో తీసి, మాలీసు చేసి, నీరు త్రాగించి, మేపి, అలసట తీరిన పిమ్మటనే మరల పూన్చెను. ప్రతిజ్ఞయు నెరవేరినది.

ఆనాటి తొందరకన్న పెద్ద తొందర మనలో ఎవరికి కలదు? వారికి తీరిక దొరికినది. మనకు దొరకకపోవుట సమయము లేక కాదు, వంగి చూడక.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు చదువ నేర్పినది. అక్షరములు లేని పుటలును కొన్ని కలవు. గుఱ్ఱపు చెవి, ఎద్దు మెడ అట్టివి. వానినికూడ చదువుట మనము నేర్చుకొందుము గాక యని కోరుచున్నాను.