వరి కణములో నకలు వ్రాయు వేళ



గ్రంథాలయమునందు కొన్ని గ్రంథములు ఇంటికి ఈయరు. కావలసినవారు అచటనే కూర్చుండి, అవసరమైన పుటకు నకలు వ్రాసికొని పోవుదురు. కణకేంద్రకములోని డి.ఎన్.ఎ. అట్టి గ్రంథము. అందలి యొక జన్యువునకు ఆర్.ఎన్.ఎ. అను నకలు తయారగుటను అనులేఖన మందురు.

వరి ఆకులోను, వేరులోను గ్రంథ మొక్కటియే. ఏ పుట ఎప్పుడు తెరువబడుననుటలోనే భేదము. జన్యువునకు ముందు ప్రమోటరు అను వాకిలి కలదు. మొదట కొన్ని మాంసకృత్తులు అచట చేరి డి.ఎన్.ఎ.ను పట్టుకొనును, ఆ పట్టు సడలకుండ టి.ఎఫ్. టూ ఏ అనునది తోడ్పడును. పిమ్మట వ్రాయసకాడగు ఆర్.ఎన్.ఎ. పాలిమరేజు వచ్చి కూర్చుండును. సిరిసిల్ల మగ్గముపై పడుగు సిద్ధము కానిదే పేక నడువదు గదా! డి.ఎన్.ఎ. పేటలు రెండును అచట విడివడిన పిదపనే నకలు ఆరంభమగును. ఈ యంత్రాంగమును రూపుకట్టి చూపిన రోజర్ కోర్న్‌బర్గు పండితునకు 2006లో నోబెలు బహుమానము లభించినది.

కోరుట్ల రైతునకు దీనితో నేమి పని? 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. ఆ బాక్టీరియా తన మాంసకృత్తు నొకదానిని వరి కణములోనికి పంపును. అది ఒక జన్యువు వాకిట కూర్చుండి, వరి వ్రాయసకానినే పిలిచి నకలు వ్రాయించును. ఆ జన్యువు పంచదారను కణము వెలుపలికి పంపునట్టిది. దొంగ తాళము పగులగొట్టలేదు. గుమాస్తాచేతనే కొట్టు తెరిపించి మేయుచున్నాడు.

ఆ జన్యువును పెరికివేయరాదు. పుప్పొడి ఏర్పడుటకు అది కావలెను. అయితే కొన్ని వరి రకములలో ఆ వాకిలి వ్రాత మాత్రమే మారియున్నది. దొంగకు పీట దొరకదు. వేరు కొన్నింట టి.ఎఫ్. టూ ఏలో ఒక్క అమైనో ఆమ్లము మారుటచే, దొంగకు తోడ్పాటు అందదు, మొక్క పని మాత్రము సాగును. ఈ రెండింటికి అడవి వరినుండి వచ్చిన కావలి జన్యువు నొకదానిని జతచేసి, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధనా సంస్థలవారు సంకరణముచేతనే మెరుగైన సాంబ మసూరిని సిద్ధపరచిరి. అది 2008లో విడుదలైనది.

ఉల్లికోడునకు, అగ్గి తెగులునకు ఈ మూడు జన్యువులు అడ్డు కావు. ఉల్లికోడును తట్టుకొనుటకు జగిత్యాల చెంత పొలాస పరిశోధనా స్థానమువారు సాంబ మసూరిని కావ్య రకముతో సంకరించి, జగిత్యాల సన్నాలను వేరుగ రూపొందించిరి.