పంతులు చేతికి తుపాకీ – ఎవరిని కాపాడటానికి?

(దళిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో పిల్లల భద్రత గురించి మాట్లాడమన్నారు. మేము అమెరికా సంగతితో మొదలుపెడతాం. ఎందుకంటే మన గూడేల్లో చదువుకున్నవాళ్లు కొందరు ఇవాళ అక్కడ కాపురాలుంటున్నారు. వాళ్ల బిడ్డలు ఆ బడులకే పోతున్నారు. పైగా అక్కడి నల్లవాళ్ల గోస మనకు పరాయిది కాదు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తన పేరును బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకుంది.

అక్కడ బడుల్లోకి తుపాకీతో జొరబడి పిల్లల్ని కాల్చేస్తున్నారు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 17 మంది. 2022 మేలో టెక్సాస్‌లోని ఉవాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. కన్నవాళ్ల కడుపుకోత ఎక్కడైనా ఒకటే.

దీనికి కొన్ని రాష్ట్రాల పాలకులు కనిపెట్టిన మందేమిటి? బడి సిబ్బందికే తుపాకీ పట్టడం నేర్పించడం, అదీ ప్రజల సొమ్ముతో! ఫ్లోరిడా 2018లో ఈ పనికి 6 కోట్ల 70 లక్షల డాలర్లు కేటాయించింది. మొదట తరగతిలో పాఠం చెప్పే టీచర్లను మినహాయించారు. 2019లో వాళ్లకూ దారి తెరిచారు. ఒహాయో రాష్ట్రంలో బడిలో తుపాకీ పట్టాలంటే పోలీసులకిచ్చేంత శిక్షణ, 700 గంటలకు పైగా, ఉండాలని 2021లో కోర్టు చెప్పింది. 2022 జూన్‌లో కొత్త చట్టం తెచ్చి 24 గంటలు చాలన్నారు. అక్షరాలు నేర్పే అర్హత కోసం మాకు ఏళ్లు పట్టింది. నలభై మంది పిల్లల మధ్య ఎవరిని కాల్చాలో, ఎప్పుడు ఆగాలో 24 గంటల్లో వచ్చేస్తుందట!

వాళ్ల వాదన కూడా వినాలి. పోలీసు స్టేషను దూరంగా ఉన్న పల్లె బడులున్నాయి. హంతకుడు వస్తే, పోలీసులు చేరేలోగా అంతా అయిపోతుంది కదా అంటున్నారు. ఆ భయం నిజమే. కానీ తుపాకీ దగ్గరుంటే రక్షణ ఉన్నట్టేనా? పార్క్‌లాండ్ బడిలో ఆ రోజు తుపాకీ ఉన్న పోలీసు ఉన్నాడు. కాల్పులు జరుగుతున్న భవనంలోకి పోలేదు. ఉవాల్డేకు 376 మంది పోలీసులు, భద్రతా అధికారులు వచ్చారు. హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. మనకిది కొత్తా? 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కాపలా ఉండటం వేరు, కాపాడటం వేరు.

ఇంకో ప్రశ్న. ఆ తుపాకీ ఎవరిని చూసి భయపడుతుంది? అక్కడి విద్యాశాఖ 2011–12 లెక్కల్లో, ప్రీస్కూలు పసివాళ్లలో నల్లపిల్లలు 18 శాతం. ఒకసారికి మించి సస్పెండైన పసివాళ్లలో మాత్రం వాళ్లు 48 శాతం. నాలుగేళ్ల బిడ్డనే దుడుకుగా చూసే కళ్ల కింద ఇప్పుడు తుపాకీ పెడుతున్నారు!

తుపాకీ నల్లవాడి చేతిలో ఉంటేనో? ఫిలాండో కాస్టిల్ సంగతి వినండి. మినసోటాలో ఒక బడి భోజనశాలలో పిల్లలకు అన్నం పెట్టించేవాడు. అతని తుపాకీకి లైసెన్సు ఉంది. 2016 జూలై 6న కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పాడు. క్షణాల్లో కాల్చి చంపారు. 2017లో జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అన్నది. లైసెన్సు కాగితం చర్మం రంగును దాచలేకపోయింది.

మీలో కొందరు అడుగుతారు: ‘పంతులుగారూ, ఆత్మరక్షణకు ఆయుధం కావాలని మనమూ అన్నాం కదా?’ అన్నాం. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడోది తీసి చదవండి. దాడుల భయం ఉన్న చోట, అవసరమైతే, ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ ఆయుధాలు పట్టుకోవాలి. అవసరమైతే మనవాళ్లకు లైసెన్సు ఇవ్వాలి. ముందు దాడి చేసేవాడి చేతిలోది తీసుకోవాలన్నదే అందులోని వరస. ఈ పథకాలు తుపాకీని బడి బయట ఉండనిచ్చి, లోపలికి ఇంకొకటి తెస్తున్నాయి. రాజ్యం తన బాధ్యతను పంతులు నడుముకు కట్టి చేతులు దులుపుకుంటోంది.

డబ్బు సంగతీ చూడాలి. 2013–14 విద్యాశాఖ లెక్కల ప్రకారం పోలీసు ఉండీ, పిల్లల మనసు వినే కౌన్సిలర్ లేని బడుల్లో అప్పట్లో 16 లక్షల మంది చదివేవారు. ఒహాయో చట్టం వచ్చిన నెలలోనే, 2022 జూన్‌లో, అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది. బడులకు కేంద్ర విద్యా చట్టం కింద ఇచ్చే సొమ్మును ఆయుధాలకు గానీ, ఆయుధ శిక్షణకు గానీ వాడొద్దన్నది. విలువిద్య, వేట పాఠాల వంటివాటికి 2023లో మినహాయింపు ఇచ్చారు. రాష్ట్రాల సొంత ఖజానాకు మాత్రం ఆ అడ్డు లేదు.

మా అయ్య రెండో తరగతిలోనే బడి మానేశాడు. ముట్టుకుంటే మైల అని పంతులు దూరం నుంచి బెత్తం విసిరేవాడట. ‘అక్షరం ఒక్కటీ గుర్తులేదు బిడ్డా, బెత్తం మాత్రం గుర్తుంది’ అనేవాడు. మేము పంతులమయ్యాక ఆ మాట మరవలేదు. పంతులు చేతిలో ఏముందో పిల్లల కళ్లు అక్కడే ఉంటాయి. తుపాకీ ఉంటే పలక మీద కన్ను నిలుస్తుందా?

అందుకే బడి భద్రత పేరుతో ఎక్కడ పైసా ఖర్చు పెట్టినా మూడు ప్రశ్నలు అడుగుదాం. దాడి చేసేవాడి చేతిలోని ఆయుధం తీశారా? కొత్త ఆయుధం ఎవరి చేతికిచ్చారు, అది ఎవరి బిడ్డ వైపు తిరుగుతుంది? ఆ సొమ్ముతో రావలసిన ఏ మనిషి మన బడికి రాలేదు?

పంతులు చేతిలో సుద్దముక్క ఉండాలి. పిల్లల్ని కాపాడే పని సర్కారుది. ఆ పని దాని చేత చేయించే పని మనది.

జై భీమ్!