డిజైను పనికి కంప్యూటరు కొనడం – నా అనుభవం

(మన సంఘ వార్షిక సమావేశంలో కొనకనమిట్ల సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు నవ్వొచ్చింది. 33 ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా సుద్దముక్క, కుంచె పట్టినవాణ్ణి. "మాస్టారూ, మీరు ఒకసారి తప్పుగా కొన్నారు, ఒకసారి సరిగ్గా కొన్నారు. ఆ రెండూ చెప్పండి చాలు" అన్నారు వారు. మన పిల్లలు, మనవలు చాలామంది పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు తయారుచేసే పనిలో ఉన్నారు. పెట్టుబడి మాత్రం తరచుగా మన పెన్షను డబ్బులోంచే వెళుతోంది. అందుకని ఒప్పుకున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. 2019లో మా మనవరాలు ఒంగోలులో డిజైను కోర్సు పూర్తిచేసి ఇంటికి వచ్చింది. కొనకనమిట్లలోనే కూర్చుని పని చేసుకుంటానంది. సంతోషించి, ఆ పిల్లను వెంటబెట్టుకోకుండా నేనొక్కణ్ణే పట్నం వెళ్లి కంప్యూటరు కొనుక్కొచ్చాను. పెట్టెకు ఒకవైపు అద్దం, లోపల రంగురంగుల దీపాలు. రెండు వేలు బేరమాడి తగ్గించానని, పైగా స్పీకర్లు ఉచితంగా రాబట్టానని ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకున్నాను. లోపల మెమొరీ 4 జీబీయేనని, ఉన్నది ఒకే ఒక్క హార్డ్ డిస్కని నాకు తెలియదు. అడగనూ లేదు.

మూడేళ్లు ఆ పిల్ల దానితోనే నెట్టుకొచ్చింది. 2022లో మన మిత్రులొకరు కాలం చేశారు. వారిది ఇంట్లో ఉన్నది ఒక్కటే పాత ఫొటో, దాని మీద చెంప దగ్గర నీటి మరక. మనవరాలు దాన్ని స్కాను చేసి, నాలుగు రాత్రులు కూర్చుని మరక తీసేసింది. పెద్దకర్మకు రెండు రోజుల ముందు హార్డ్ డిస్కు పోయింది. రెండో ప్రతి ఎక్కడా లేదు. చివరికి మరకతోనే ఫ్లెక్సీ వేయించారు. ఆయన భార్య ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, కొంగుతో ఆ మరకను తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆ బాధ ఇంకా పోలేదు.

తర్వాత ఆ యంత్రానికి కొత్త డిస్కు వేయించి ఇంకొంత కాలం లాగాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, అది మా పాత యంత్రంలో లేదు. కొత్తది కొనక తప్పలేదు. ఈసారి డబ్బు మాత్రమే నాది, ఎంపిక ఆ పిల్లది.

"తాతా, ముందు కొట్టుకు పోవద్దు. నేను చేసే పనుల్లో అన్నిటికంటే పెద్దది ఏదో లెక్కేద్దాం" అంది. కాగితం తీసి లెక్క వేసింది. పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. అంగుళానికి 72 చుక్కల చొప్పున అడ్డంగా 8,640, నిలువుగా 3,456. గుణిస్తే సుమారు మూడు కోట్ల చుక్కలు. అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు. అంటే ఒక్క పొరకే సుమారు 120 ఎంబీ. ఫొటోలు, పేర్లు, పూలదండలు అని పది పొరలు వేస్తే సుమారు 1.2 జీబీ అవుతుంది. వెనక్కి సరిచేసుకోవడానికి యంత్రం గుర్తుపెట్టుకునేది వేరే. ఇక 4 జీబీలో ఆ పిల్ల ఎలా పని చేసిందో నాకప్పుడు అర్థమైంది. అందుచేత మెమొరీ 16 జీబీకి తక్కువ వద్దనీ, రేపు 32 చేసుకోవడానికి బోర్డులో ఖాళీ ఉండాలనీ నిర్ణయించాం.

రెండవది, నిల్వ. విండోస్‌కు, సాఫ్ట్‌వేరుకు, చేస్తున్న పనికి ఎస్ఎస్‌డి. అందులో తిరిగే చక్రం ఉండదు కనుక ఫైళ్లు చప్పున తెరుచుకుంటాయి. అయిపోయిన పనులు దాచడానికి వేరే హార్డ్ డిస్కు. ఈ రెండూ కాక బయట తగిలించే డిస్కు మరొకటి. ప్రతి సాయంత్రం ఆ రోజు పని దానిలోకి ఎక్కించి, తీగ ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఈ మూడోది విలాసం కాదని నేను ఎంత ఖరీదు పెట్టి నేర్చుకున్నానో మీకు చెప్పాను.

మూడవది, తెర. ఇది నా సబ్జెక్టు కనుక కొంచెం ఎక్కువ చెబుతాను. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిపి రంగు చూపిస్తుంది. అచ్చుయంత్రం సియాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో రంగు తెస్తుంది. తెర మీద మెరిసే కొన్ని రంగులు సిరాకు అసలు అందవు. ఎంత మంచి తెర అయినా ఆ తేడా పూర్తిగా పోదు. నాసి తెర అయితే మరీ మోసం చేస్తుంది. ఐపీఎస్ రకం తెర అయితే పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. ఎస్ఆర్‌జీబీ పరిధి నూటికి నూరుకు దగ్గరగా ఉందో లేదో అడగండి. మేము 24 అంగుళాలది తీసుకున్నాం. మార్కాపురంలో అచ్చయిన ఒక ఫ్లెక్సీ ముక్కను, దాని అసలు ఫైలును పక్కపక్కన పెట్టుకుని మనవరాలు తెర వెలుగు సరిచేసుకుంది.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర కొట్టువారు, మేము చాలాసేపు వాదించుకున్నాం. ఫొటోషాపు, కోరల్ డ్రాలలో పత్రికలు, ఫ్లెక్సీలు చేసేవారికి పెద్ద ఆటల కార్డు అవసరం లేదు. వీడియోలు, త్రీడీ బొమ్మలు చేసేవారికైతే కావాలి. ఆ మిగిలిన డబ్బే తెరకు పోయింది.

నాలుగవది, పాత ఫైళ్లు. మన తరం అచ్చు అక్షరాలు ఏరి కూర్చే కాలం చూసింది. 1985లో పేజ్‌మేకర్ వచ్చింది, 1994లో అది అడోబి వారి చేతికి పోయింది, 2001 నాటి 7.0 దాని చివరి కూర్పు. మన జిల్లాలో ఎన్ని సావనీర్లు అందులో, అను ఫాంట్లతో తయారయ్యాయో! ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు తెరిచేది, ఆ తర్వాతి కూర్పులు తెరవవు. అందుకని పాత యంత్రం అమ్మే ముందే అన్నిటినీ పీడీఎఫ్‌లుగా మార్చుకోండి. కొత్త పనులు వీలైనంత వరకు యూనికోడ్ తెలుగులో చేయించండి. డబ్బు పెట్టలేని పిల్లలకు ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ ఉచితంగా దొరుకుతాయి. దొంగ కాపీ జోలికి పోనక్కరలేదు.

ఇక మన ఊళ్ల సంగతి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక యూపీఎస్ తప్పదు. 600 వీఏ అని రాసి ఉంటే 600 వాట్లు అనుకోకండి, చాలావాటిలో 360 వాట్ల దాకానే వస్తుంది. అది పని భద్రపరిచి యంత్రం ఆపుకోవడానికే, గంటలకొద్దీ పని చేసుకోవడానికి కాదు. మన ఎండకు, దుమ్ముకు పెట్టెను నేల మీద కాకుండా జానెడు ఎత్తున పెట్టి, నెలకోసారి ఫ్యాన్ల దుమ్ము దులపాలి. వారంటీ మాట వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: పాడైతే కొనకనమిట్ల దాకా మనిషి వస్తాడా, మేమే పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కాలా? జవాబు బిల్లు మీద రాయించుకోండి.

చిన్నప్పుడు మా నాన్నగారు మార్కాపురం పలక కొనేటప్పుడు చట్రం రంగు చూసేవారు కాదు. రాతిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవారు. పగులుంటే చప్పుడులో తెలిసిపోయేది. ఆ బుద్ధి నాకు 2019లో లేకపోయింది. కంప్యూటరుకైనా చట్రాన్ని కాదు, రాతిని చూడాలి. ఆ రాయి ఎలా ఉండాలో రోజూ దాని మీద రాసేవారికి తెలుస్తుంది. కనుక డబ్బు మనదైనా, వాళ్లను అడిగి కొనండి.

కొత్త యంత్రం వచ్చిన వారంలోనే మనవరాలు ఆ మిత్రుని ఇంటికి వెళ్లి, "అమ్మమ్మా, ఆ ఫొటో ఒక్కసారి ఇస్తారా" అని అడిగి తెచ్చింది. ఈసారి రెండు రాత్రుల్లో అయిపోయింది. చట్రం కట్టించి మేమిద్దరం పట్టుకెళ్లి ఇచ్చాం. ఆవిడ చెంప దగ్గర వేలితో తడిమి చూసి, "ఇప్పుడు ఆయనలాగే ఉన్నారు మాస్టారూ" అన్నారు. దాని ప్రతులు మూడుచోట్ల భద్రంగా ఉన్నాయి.