విద్యార్థులు - రాజ్యాంగము - పంచాయతీ
(కందుకూరులో పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మన బడులలో విద్యార్థులు రాజ్యాంగమును గూర్చి చదువుచున్నారు. అది 1949 నవంబరు 26న ఆమోదము పొందెననియు, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెననియు, రచనాసంఘమునకు డాక్టరు అంబేద్కరు అధ్యక్షులనియు అప్పగింతురు. మంచిదే. కాని తేదీలు పరీక్షతో మరుపునకు వచ్చును. రాజ్యాంగము పుస్తకముననే గాక, తమ ఊరి బావికడను, బడియందును, గ్రామసభయందును పనిచేయుచున్నదని విద్యార్థి గ్రహింపవలెను. దీనిని చూపవలసినవారు ఉపాధ్యాయులు మాత్రమే కారు, మీరును.

మన ప్రాంతపు చరిత్రను ముందుగా వారికి తెలుపుడు. రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న తొలిసారి కూడినది. మదరాసునుండి దుర్గాబాయి, ఆచార్య రంగా, పట్టాభి సీతారామయ్య మొదలగువారు అందు సభ్యులైరి. నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమునుండి ఒక్క ప్రతినిధియు లేకుండెను. 1948 సెప్టెంబరులో ఆ ఏలుబడి ముగిసిన పిదపను ఆ స్థానములు నిండలేదు. అయినను ఆ రాజ్యాంగమే మన పెద్దలకు ఓటు నొసగినది. దొర ముందు చేతులు కట్టుకొని నిలిచినవాడును 1952లో దొరతో సమానముగా ఒక ఓటు వేసెను. 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. ప్రజల ఉపయోగమునకై ఏర్పడిన బావులు, చెరువులు, బాటలు కులభేదము లేక అందరివని 15వ అధికరణము చాటినది. వెట్టిని కన్నులార చూచిన వృద్ధులు మీ గ్రామములలో ఉన్నచో, ఒకనాడు వారిని బడికి పిలిపింపుడు. వారి మాటలు విన్న బాలుడు ఆ అధికరణములను ఎన్నటికిని మరువడు.

ఇక పంచాయతీ సంగతి. గ్రామ పంచాయతీలను నెలకొల్పవలెనని 40వ అధికరణము ప్రభుత్వములకు ఆదేశమిచ్చినది. మనకు చేరువనున్న షాద్‌నగరులో 1959 అక్టోబరున ప్రధాని నెహ్రూ పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. కాని ఎన్నికలు సకాలమున జరుగవలెనను నిర్బంధము రాజ్యాంగములో అప్పటికి లేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ ఆ కొరత తీర్చినది. పంచాయతీకి ఐదేండ్ల కాలము నిర్ణయించి, గడువు తీరకమునుపే ఎన్నిక ముగియవలెనని శాసించినది. స్త్రీలకు మూడవవంతు స్థానములకు తక్కువ కారాదన్నది. తెలంగాణ చట్టము సగము స్థానములనిచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలు పేర్కొన్నది. త్రాగునీరు, పాఠశాల విద్య, గ్రంథాలయములు అందులోనివే.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము రెండు నెలలకొకసారియైనను గ్రామసభ జరుపవలెనన్నది. పై తరగతుల విద్యార్థులను ఆ సభకు రప్పించి ఒక ప్రక్క కూర్చుండనిండు. జమాఖర్చులు బిగ్గరగా చదివిననాడు, పేదరాలు లేచి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పి పుస్తకమున వ్రాసిననాడు, మహిళా సభ్యురాలి తరపున భర్త కాక ఆమెయే మాటలాడిననాడు, విద్యార్థి రాజ్యాంగమును కన్నులార చూచును. సభ జరుపక ఇంటింట సంతకములు తీసికొన్నచో ఆ పాఠమును గూడ అతడు నేర్చుకొనును!

నేటి పదవ తరగతి విద్యార్థి కొలది ఏండ్లలో పదునెనిమిది నిండి ఓటరగును, గ్రామసభలో సభ్యుడగును. అప్పుడతడు మిమ్ములను లెక్క అడుగగలుగుటయే మీరు నేర్పిన చదువునకు ఫలము. అట్టి పౌరులను తయారుచేయుటకు పూనుకొందురని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.