యువజన సంఘము – సేవాధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిలిచిన గ్రంథాలయమును చూచి సంతోషించుట సులభము. అది ఎట్లు నిలిచినదో విచారించుట అంతకంటె ప్రయోజనకరము. ప్రతిదినము ఒకే వేళకు తలుపు తెరచినవారుండిరి. పోయిన పుస్తకమును, వచ్చిన పుస్తకమును పద్దు వ్రాసినవారుండిరి. ఒకరు విరమించిననాడు మరియొకరు తాళపుచెవి అందుకొనిరి. గ్రంథాలయమునకు ఆయుస్సు నిచ్చినవి ఈ మూడే. వేళ, పద్దు, వారసుడు. యువజన సంఘములు చేయదగిన సేవాకార్యములను గూర్చి చెప్పవలసిన సారమంతయు ఈ మూటియందే కలదు.

సేవ చేయు ఉత్సాహమునకు ఊరిలో కొరత లేదు. జయంతినాడు వీధి ఊడ్చెదరు. వానకాలమున మొక్కలు నాటెదరు. పండుగనాడు పండ్లు పంచెదరు. ఛాయాచిత్రములు తీయించుకొందురు. చైత్రము వచ్చునప్పటికి ఆ మొక్కకు నీరు పోయువాడు కానరాడు. మరునాటికి ఆ వీధిలో చెత్త మరల చేరును. రెండేండ్లలో సంఘము పేరు బోర్డు మీద మాత్రమే మిగులును. ఇది యువకుల దోషము కాదు. ఉత్సాహము వారిది, దానికి పాదు కట్టి యిచ్చుట పెద్దల పని. పాదు లేని మొక్కకు పోసిన నీరు పల్లమునకే పోవును.

తెలుగునాట యువజనసేవకు గ్రంథాలయోద్యమమును మించిన నిదర్శనము అరుదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దాని స్థాపనకు పూనుకొన్న కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లే. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పుట్టినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభను జరిపించిన అయ్యంకి వేంకట రమణయ్యగారికి ఇరువదినాలుగేండ్లు ఇంకను నిండలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువ మీద పడవ గ్రంథాలయము సాగినది. గంటల కొలది పడవలో కూర్చుండు ప్రయాణికుని చేతికి పుస్తకము నందించుట దాని పని. పాఠకుడు రాలేదని వారు చింతించుచు కూర్చుండలేదు. పాఠకుడున్న చోటికి పుస్తకమునే పంపిరి.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతో తృప్తిపడలేదు. ఊరూర కవుల వివరములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. నిందకు పట్టికతో సమాధానము చెప్పుట యనగా ఇదియే.

సేవకు మొదటి మెట్టు అడుగుట. పోతన భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక కుటుంబముతో కృశించిన ఆ రాజునకు కొంత అన్నమును, నీరును లభించినవి. భుజింపబోవు వేళకు అతిథులు ఒకరి వెంట నొకరు వచ్చిరి. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. కడపట దప్పికతో వచ్చినవానికి మిగిలిన నీరు పోసెను. ఈ కథలోని త్యాగమును అందరును మెచ్చుకొందురు. ఇందు మరియొక విశేషము కలదు. రంతిదేవుడు ఆకలిగొన్నవానికి నీతులు చెప్పలేదు; దప్పికగొన్నవానికి వస్త్రదానము చేయలేదు. వచ్చినవానికి ఏది కావలెనో అదియే ఇచ్చెను.

పురాణము వలదనువారికి పోచంపల్లి కలదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే ఆ ఊరికి వచ్చి, దళితవాడకు పోయి, ఏమి కావలెనని అడిగెను. నలువది కుటుంబములకు 80 ఎకరముల భూమి కావలెనని వారు చెప్పిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములిచ్చుటకు ముందుకు వచ్చిరి. భూదానోద్యమము ఒక ప్రశ్నతో పుట్టినది. దాని రెండవ భాగమును కూడ జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత దేశమంతట దానముగా చెప్పిన భూమిలో చాల భాగము పేదల చేతికి చేరలేదు. దానము ప్రకటించుటకు ఒక పూట చాలును. హద్దులు కొలిచి, పట్టా వ్రాసి, చేతిలో పెట్టుటకు ఏండ్లు పట్టును. ఎన్నో సేవాకార్యములు కూలునది ఆ రెండవ పని యొద్దనే.

కావున యువజన సంఘము తొలుత చేయదగినది ఊరి సేవకు ఒక పహాణీ. ఏ సర్వేనంబరులో ఏ పైరున్నదో వ్రాయని ఊరిలో శిస్తు లెక్క తేలనట్లే, ఏ యింట ఏ అవసరమున్నదో వ్రాయని సంఘమునకు సేవ లెక్క తేలదు. తోడులేని వృద్ధులెవరు? చదువు మానిన పిల్లలెవరు? సంతకమునకు బదులు వ్రేలిముద్ర వేయువారెవరు? వాన వచ్చిన మొదట నీరు చేరు ఇండ్లేవి? నలుగురు యువకులు వాడకొక్కరుగా నెల దినములు తిరిగిన ఈ పుస్తకము సిద్ధమగును. ఇందలి సంగతులు ఇతరుల గుట్టు. దీనిని ఒకరి యొద్ద భద్రపరుపవలెను; సభలలో చదువరాదు.

ఇక కార్యములు. అన్నియు ఒకేసారి ఎత్తుకొనవలసిన పని లేదు.

ఒకటవది అక్షరసేవ. 2011 జనాభా లెక్కలలో తెలంగాణ ప్రాంతమున చదువను వ్రాయను తెలిసినవారు నూటికి సుమారు 66 మంది. నాగోలు నేడు పల్లె కాదు. 2007లో మహానగర పాలక సంస్థలో కలిసినది, 2017లో మెట్రోరైలు వచ్చినది. ఐనను ఇక్కడ మేడలు కట్టు కూలీలలో ఆ మేడ మీది పేరు చదువలేనివారు కలరు. వారానికి మూడు రాత్రులు, గంట చొప్పున, వారి గుడిసెల యొద్దనే బడి పెట్టవచ్చును. చదువు ఏమి చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపినది. అక్షరాస్యతా తరగతులలో కలిసికొన్న స్త్రీలు తమ బ్రతుకులను గూర్చి మాటలాడుకొని, 1992లో సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతట వినబడినది. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. పలక పట్టించినవారు ఇంతటి ఫలమును తలచియుండరు. తలుపు తెరచుట వారి పని. లోనికి వచ్చినవారు ఏమి చేసికొందురో అది వారి శక్తి.

దీనికి అనుబంధముగా ఆదివారము రెండు గంటలు గ్రంథాలయపు అరుగు మీద ఒక దరఖాస్తు బల్ల వేయవలెను. పింఛను కాగితము, బ్యాంకు ఫారము, కరెంటు బిల్లు చదివి చెప్పుట, నింపి యిచ్చుట అచ్చటి పని. సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీ సంఖ్యను ఎవరికిని చెప్పరాదని వృద్ధులకు బోధించుట కూడ అందులోనిదే. బల్ల యొద్ద కూర్చుండువాడు సైతము ఆ సంఖ్యను అడుగరాదు. దృష్టిలేని విద్యార్థులకు పరీక్షలలో నియమానుసారము లేఖకులుగా కూర్చుండుట, ఏడాది పొడుగున వారికి పాఠములు చదివి వినిపించుట చదువుకొన్న యువతీయువకులకు తగిన పని.

రెండవది రక్తదానము. ఇందు ఉత్సాహముకంటె లెక్క ముఖ్యము. తీసిన రక్తములోని ఎఱ్ఱకణములు శీతలమున నిలువయుండునది ఎక్కువలో ఎక్కువ 42 దినములు. ప్లేట్‌లెట్లు సాధారణముగా 5 దినములే. తలసీమియా వ్యాధి తీవ్రముగా గల పిల్లలకు రెండు మొదలు నాలుగు వారముల కొకసారి రక్తమెక్కింపవలెను. ఏడాదికొక శిబిరము పెట్టి ఒకేదినమున నూరుగురు రక్తమిచ్చిన, రెండు నెలల తరువాత ఆ బిడ్డకు అది దొరకదు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి, వైద్యులు తగునన్నప్పుడు, రక్తమీయవచ్చును. సంఘమున అర్హులైన యువకులు 52 మంది యున్నారనుకొన్నచో, వారమునకు నలుగురు చొప్పున పదమూడు వారములకు అందరి వంతును పూర్తియగును; తొంబదియొక్క దినములు గడచి మొదటివాని వంతు మరల వచ్చును. స్త్రీల వంతులను వేరుగా వ్రాసికొనవలెను. శిబిరమునకు కావలసినది పందిరి. ఈ వంతులకు కావలసినది ఒక నోటుపుస్తకము.

మూడవది దోమలపై పోరు. మలేరియాక్రిమి దోమకడుపులో పెరుగునని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది నాగోలుకు దూరము కాని సికింద్రాబాదు బేగంపేటలోనే. నేడు ఎక్కువగా భయపెట్టు డెంగీజ్వరపు దోమ తొట్లలో, కూజాలలో, పాతటైర్లలో, పూలకుండీల క్రింది పళ్లెములలో నిలిచిన నీట పెరుగును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు ఏడు మొదలు పది దినములు పట్టును. వారమున కొకమారు ఆ నీటిని పారబోసి, పాత్రను తోమి ఆరబెట్టిన దాని వంశము తెగును. ఏడాదికొక ఊరేగింపు తీసిన దానికి చీమ కుట్టినట్లైనను ఉండదు. వానకాలమున ప్రతి వారము ఒకే దినమున, ఒక్కొక్కరికి ఇరువది ఇండ్ల చొప్పున పంచుకొనవలెను.

నాలుగవది నీటి సంగతి. అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలియు మూసీ నాగోలు ప్రక్కగానే పోవుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీ నాటి వరదలో అది వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ మీదట 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నగరపు మురుగు చేరిచేరి నది రంగు మారినది; నాగోలు, ఉప్పల్ దిక్కున ఆ నీటితో పశువుల గడ్డి పెంచుటయు జరిగినది. నాగోలులో దినమునకు 172 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధిచేయు కేంద్రమును కట్టిరి. ఇంతటి పనిని చీపురులతోను, తట్టలతోను సంఘము తీర్చగలదని చెప్పుట యువకులను మోసగించుట. సేవ పేరిట వారిని మురుగుతూములలోనికి దింపుట మహాపరాధము. రక్షణ సాధనములు లేక కూలికైనను మనుష్యుని అందులో దింపరాదని 2013 నాటి చట్టము శాసించుచున్నది.

సంఘమునకు శక్యమైనవి వేరు. తమ వీధి చెత్త నాలాలో పడకుండ చూచుట. చెరువులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు కలుపక మట్టి వినాయకులనే పూజించునట్లు నచ్చజెప్పుట. చెరువు కట్టను, తూమును, వరదకాలువను నెలకొకమారు చూచి, తేదీ వేసి, చిత్రము తీసి, మార్పు కనబడిన అధికారులకు వ్రాసి, ఆ అర్జీ నకలును గ్రంథాలయమున నుంచుట. 2020 అక్టోబరులో నగరమును ముంచిన వానలకు నాగోలు పరిసర కాలనీలలోనికిని నీరు వచ్చినది. అట్టి రాత్రి మంచము దిగలేని ముసలివాడు ఏ యింట నున్నాడో పహాణీలో ముందుగా వ్రాసియున్న, పడవ తిన్నగా ఆ గుమ్మమునకే పోవును. లేనిచో వీధులన్నియు వెదుకుటలోనే తెల్లవారును.

ఐదవది పెద్దల మాట. ఎనుబదియేండ్లవారు ఊరిలో కొందరే మిగిలియున్నారు. ఏ కాలనీ క్రింద ఏ మడి యుండెనో, ఏ బావికి ఏ పేరో, బతుకమ్మలను ఏ నీటిలో వదలిరో వారికి తెలియును. వారముకొక మధ్యాహ్నము ఒక వృద్ధుని యొద్ద కూర్చుండి, అనుమతి పొంది, వారి మాటలను సెల్‌ఫోనులో ఎక్కించి, శుభ్రముగా వ్రాసి గ్రంథాలయమున చేర్చవలెను. ఊరికి చరిత్ర మిగులును; వృద్ధునకు ఒక మధ్యాహ్నము తోడు దొరకును. రెండవది మొదటిదానికంటె తక్కువ ఫలము కాదు.

ఏ కార్యము చేపట్టినను నియమములు మూడు. వేళ మారరాదు. వచ్చిన పైసయు, పోయిన పైసయు, హాజరైనవారును పుస్తకమున నెక్కి, నెలకొకమారు గోడ మీద అంటింపబడవలెను. పని చేయుచున్న ప్రతివాడును తనకంటె చిన్నవాని నొకనిని ప్రక్కన నిలుపుకొనవలెను; ఉద్యోగము వచ్చి, వివాహమై, ఊరు విడచు దినము ఎవరికైనను తప్పదు. ఇందు కులముగాని, మతముగాని, పార్టీగాని అడుగరాదు. ఆడపిల్లలకు పని పంచి పెత్తనము పంచకుండుట తగదు.

గంగను భూమికి దింపినవాడు భగీరథుడని లోకము చెప్పుకొనును. ఐతే ఆ తపస్సును మొదలిడినవాడు అంశుమంతుడు, సాగించినవాడు దిలీపుడు. ఇరువురును గంగను చూడక యే పోయిరి. వారు పనిని నడుమ పారవేయక తమ తరువాతివారికి అప్పగించిరి గనుకనే మూడవ తరమున నీరు దిగినది.

పై ఐదింటిలో నాగోలు యువజనులు ఒక్కదానినే ఏరుకొనినను చాలును. వచ్చు ఆదివారము ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుటలో పని పేరు, వేళ, బాధ్యుని పేరు, అతని తరువాతివాని పేరు వ్రాయవలెను. నాలుగు గళ్లును నిండిననాడు ఆ సేవ పుట్టినట్లు. నాలుగవ గడి ఖాళీగా నున్నంతకాలము అది ఉత్సవము మాత్రమే.