వేగపు రైళ్లు – నగర వైద్యశాలలు
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



ప్రజారోగ్యమునుగూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను రైలుబండితో నారంభించుచున్నాను. రెంటికిని గల సంబంధమును సావధానముగ నాలకింప ప్రార్థన.

1964లో జపానుదేశమున టోక్యో, ఒసాకాల నడుమ మొదలైన అతివేగపు రైలు నేడు పెక్కు దేశముల వ్యాపించినది. మన దేశమునను ముంబాయి–అహమ్మదాబాదు మార్గమునకు 2017లో శంకుస్థాపన జరిగినది. ప్రయాణకాలము తగ్గినకొలది రోగి తన యూరి వైద్యుని విడిచి మహానగరపు పెద్దాసుపత్రికే పోగోరును. ఇది నింద్యము గాదు. ప్రాణముపై తీపి యెవరికి లేదు? కాని బండివేగము హెచ్చినంతమాత్రమున నగరమున మంచములు హెచ్చవు. వైద్యుని దినమునకు గడియలు పెరుగవు. అచ్చట రోగుల వరుస పెరుగును. ఇచ్చట చిన్న యాసుపత్రి పాడువడునను భయము కలదు. అప్పుడు టిక్కెట్టు కొనలేని బీదరోగికి దిక్కెవరు?

అయినను బండి రెండు దిక్కులకును నడచును గదా! చైనాలో బీజింగునకు సుమారు 140 కిలోమీటర్ల దూరముననున్న బావోడింగు పట్టణమునకు 2012లో వేగరైలు వచ్చినది. బీజింగు బాలల వైద్యశాల 2015లో బావోడింగు బాలల వైద్యశాల నిర్వహణభారమును వహించి, తన వైద్యులను అచటికి పంపసాగెను. తల్లి బిడ్డ నెత్తుకొని పోవుటకు మారుగా వైద్యుడే తరలివచ్చెను. ఫ్రాన్సుదేశమున 2020 మార్చిలో కరోనా విజృంభించి తూర్పుసీమ వైద్యశాలలు నిండిపోగా, వైద్యసాధనము లమర్చిన వేగరైలులో 20 మంది రోగులను స్ట్రాస్‌బర్గునుండి పశ్చిమసీమ వైద్యశాలలకు జేర్చిరి.

కావున వేగము తనంతట మేలును గాదు, కీడును గాదు. దాని నే దిక్కునకు వినియోగింతుమన్నదే ప్రశ్న.

మన సంఘము విద్యార్థివేతనము లిచ్చుచు, నగరమున వసతిగృహము నడపుచున్నది. అందు చదివి వైద్యులైనవారిలో మరల మన జిల్లాపట్టణముల ముఖము జూచినవా రెందరు? మన ధనము సయితము ఒక దిక్కునకే పోవు బండి యెక్కినది. కావున నావి రెండు మనవులు. సంఘధనముతో వైద్యవిద్య నభ్యసించినవారు నెలకు రెండు దినములైనను స్వస్థలమున రోగులను జూతురుగాక. నగరమున పెద్దాసుపత్రి చెంత, రోగుల బంధువులు తలదాచుకొనుటకు మన మొక సత్రము నిర్మింతము. అందు కులభేదము వలదు. వ్యాధి కులము నడిగి వచ్చుట లేదు.

ఈ రెండింటిని తీర్మానములుగా నామోదింప వేడుచు విరమించుచున్నాను.