పాత ట్రాక్టర్‌కి కొత్త రంగు: మొదటిసారి స్ప్రే గన్ పట్టేవాళ్ళ కోసం

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన దాని పూర్తి పాఠం. వినే తీరిక లేనివాళ్ళు చదువుకోవచ్చు.)

 

పెర్త్ శివార్లలో నాలుగైదు ఎకరాల బ్లాకు కొనుక్కున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. బ్లాకు వచ్చాక పాత ట్రాక్టర్ వస్తుంది. అది వచ్చాక అందరూ అడిగేది ఒకటే: "అన్నా, దీనికి నేనే రంగు వేసుకోవచ్చా? ఏ రంగు వేస్తే పదేళ్ళు నిలుస్తుంది?" వేసుకోవచ్చు. కాకపోతే ఏ రంగు కొంటున్నామో తెలుసుకుని కొనాలి. ఎందుకో చెప్తాను.

ముందు అసలు రంగు ఏదో చూడండి. ఇక్కడ ఎక్కువగా దొరికే మాస్సీ ఫెర్గూసన్ 35 నే తీసుకుందాం. మన ఊళ్ళలో తిరిగే 1035 కి ఇది పెద్దన్న వరస. మొదట్లో ఇది బూడిద, బంగారు రంగుల్లో వచ్చింది. 1957 చివర్నుంచి ఎర్ర బానెట్, బూడిద ఇంజన్ అయింది. ఇక ఛాంబర్లిన్ అయితే మన ఇంటి బండే. 1949 నుంచి 1986 దాకా ఇక్కడే, వెల్ష్‌పూల్‌లో తయారైంది. బ్యాటరీ పెట్టె కింద, ట్యాంకు వెనక కాస్త గీకితే కంపెనీ రంగు కనిపిస్తుంది. అప్పటికీ అనుమానమైతే వైట్‌మన్ పార్క్‌లో ట్రాక్టర్ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళి చూసి రండి.

ఇప్పుడు అసలు సంగతి. షాపులో మీకు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మామూలు ఎనామెల్. డబ్బా మూత తీసి, థిన్నర్ కలిపి కొట్టేయడమే. గాలికి ఆరుతుంది. రెండోది టూకే, అంటే రంగులో హార్డెనర్ కలిపి వాడే పాలీయూరెథేన్. మెరుపు, మన్నిక రెండోదానికే ఎక్కువ. పెర్త్ ఎండకి ఎరుపు త్వరగా వెలిసిపోతుంది, డీజిల్ ఒలికితే మామూలు ఎనామెల్ మెత్తబడుతుంది. అందుకే అందరూ టూకే వైపు చూస్తారు.

అయితే ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఈ పేరు మనవాళ్ళకి కొత్తేం కాదు, 1984 లో భోపాల్‌లో లీకయింది ఈ కుటుంబంలోదే. ఇది ఆ రసాయనం కాదు, అంత ప్రమాదకరమూ కాదు, కంగారు పడకండి. కానీ పొగమంచులా కొట్టినప్పుడు పీలిస్తే జీవితాంతం వదలని ఆస్తమా తెప్పించగలదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. దీనికి వాసన ద్వారా హెచ్చరిక ఉండదు. మామూలు ఫిల్టర్ మాస్క్ అయిపోయిందో, పని చేస్తోందో మీకు తెలియదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్, ఒళ్ళంతా కప్పే సూట్, సరైన బూత్ కావాలి. ఇంటి గ్యారేజీలో అవి ఉండవు. పైగా అది పక్కింటి వాళ్ళూ పీల్చే గాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. "నేను టూకే కొనలేదు, ఎనామెల్‌లోనే కొంచెం హార్డెనర్ కలిపాను" అంటారు. ఆ హార్డెనర్‌లో కూడా చాలావాటిలో ఐసోసయనేటే ఉంటుంది. డబ్బా మీద పేరు చూసి నమ్మొద్దు. సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకుని, అందులో ఆ మాట ఉందేమో వెతకండి.

కాబట్టి కొత్తవాళ్ళకి నా సలహా ఇది: మంచి రకం మామూలు ఎనామెల్, హార్డెనర్ లేకుండా. టూకేనే కావాలంటే తుప్పు వదిలించడం, ప్రైమర్ దాకా మీరు చేసుకుని, పై పూత బూత్ ఉన్న పెయింటర్ చేత కొట్టించండి. ఆ ప్రైమర్ తన టూకేకి సరిపడుతుందా అని ఆయన్ని ముందే అడగండి.

రంగు నిలిచేది డబ్బా వల్ల కంటే కింది పని వల్లే. తుప్పు మీద రంగు వేస్తే పైన పటారం, లోన లొటారం. వరస ఇలా పెట్టుకోండి.

ముందు జిడ్డు కడగాలి, ఆ తర్వాతే సాండ్ పేపర్. తిరగేసి చేస్తే గ్రీజు గీతల్లోకి దిగిపోతుంది, దాని మీద ఏ రంగూ పట్టదు.

పాత రంగులో సీసం ఉండొచ్చు. హార్డ్‌వేర్ షాపులో టెస్ట్ కిట్ దొరుకుతుంది. సీసం ఉంటే పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దండి. పీ2 మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగు మొత్తం తీయక్కర్లేదు. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. మెత్తబడి ఉబ్బితే తీసేయండి, లేకపోతే గరుకు చేస్తే చాలు. ముందు 80 నంబరు, తర్వాత 180, చివర 320. సొట్టలకి లప్పం పెట్టండి. ఇనుము బయటపడిన రోజే ప్రైమర్ పడాలి, రాత్రి మంచుకి వదిలితే తెల్లారేసరికి చిలుము పడుతుంది. సైలెన్సర్‌కి మాత్రం వేడి తట్టుకునే రంగు విడిగా కొనాలి.

గన్‌కి 1.4 మిల్లీమీటర్ల నాజిల్ సరిపోతుంది. కంప్రెసర్ గొట్టానికి నీటిని ఆపే ఫిల్టర్ తప్పనిసరి. ముందు పాత డ్రమ్ము మీద చెయ్యి సాధన చేయండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, చెయ్యి అర్ధచంద్రంలా తిప్పకుండా తిన్నగా, ప్రతి వరసా ముందు వరసలో సగం కప్పేలా. మొదటి పూత పలుచగా, జిగురుగా అయ్యాక రెండోది నిండుగా. రంగు కారితే వేలితో తుడవొద్దు, పూర్తిగా ఆరాక రుద్దుకోవచ్చు.

రెండు పూతల మధ్య ఎంత సమయమో డేటా షీట్‌లో రాసుంటుంది. కొన్ని గంటల్లోపే వేయాలి, లేదా కొన్ని రోజులు ఆగాలి. మధ్యలో వేస్తే పాలమీగడలా ముడతలు పడుతుంది.

మన పెర్త్‌లో వేసవి మధ్యాహ్నం ఫ్రీమాంటిల్ డాక్టర్ గాలి మొదలవుతుంది. ఇసకంతా తెచ్చి తడి రంగు మీద అంటిస్తుంది, మీ ఎర్ర రంగుని పక్కింటి కారు మీద చల్లుతుంది. పైగా 35 డిగ్రీలు దాటితే రంగు గాలిలోనే ఆరిపోయి గరుగ్గా పడుతుంది. అందుకని పొద్దున్నే పని ముగించండి. ఏప్రిల్, మే నెలలు దీనికి బాగుంటాయి.

మామూలు ఎనామెల్‌కి కూడా ఏ1పీ2 రకం మాస్క్, చేతి తొడుగులు, రెండు వైపులా తెరిచిన తలుపులు ఉండాలి. గ్యారేజీలో గ్యాస్ గీజర్ మంట ఉంటే అక్కడ అసలు కొట్టొద్దు, థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది. మిగిలిన థిన్నర్ కాలవలో పోయకండి, ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రాల్లో ఇవ్వండి.

ఇండియాలో నాన్నగారి ట్రాక్టర్‌కి రంగు కొట్టించే వాళ్ళున్నారు కదా, ఈ ఎపిసోడ్ వాళ్ళకీ పంపండి. అక్కడ షెడ్డులో చాలామంది మూతికి రుమాలు కట్టుకుని టూకే కొట్టేస్తుంటారు. ఆ కుర్రాడికి ఒక్క మాట చెప్పండి. ట్రాక్టర్‌కి మళ్ళీ రంగు వేయొచ్చు, అతని ఊపిరితిత్తులకి వేయలేం.

ప్రశ్నలుంటే రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.